పోకర్ మాటలు నేర్చుకోవాలంటే ఒక్క హ్యాండ్ నెమ్మదిగా ఆడండి: కొత్తవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పోకర్ పదాల పట్టికలు నెట్‌లో ఎన్నైనా దొరుకుతాయి. అక్షరక్రమంలో వంద మాటలు, ఒక్కోదానికి ఒక్కో లైను. అవి చదివి ఆటకు కూర్చుంటే మాత్రం ఒక్కటీ సమయానికి గుర్తుకు రాదు. నేను కూడా అలాగే మొదలుపెట్టాను. డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు రూమ్మేట్లతో తొలిసారి ఆడిన రోజు నా దగ్గర స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) ఉంది, అవతలి అబ్బాయి ఫ్లష్ (ఒకే గుర్తు అయిదు) చూపించాడు, నేనే గెలిచాననుకుని చిప్స్ (పందెం బిళ్లలు) మీద చెయ్యి వేశాను. చిన్నప్పటి నుంచి ఆడిన మూడు ముక్కలాటలో సీక్వెన్స్ కలర్‌ని కొట్టేది కదా మరి. మనవాళ్లలో చాలామందికి పేకముక్కలు కొత్త కాదు, పంచడం, కలపడం, కోయడం అన్నీ వచ్చు. ఇబ్బందల్లా మనకు ముందే వచ్చిన ఆటల మాటలు ఇక్కడ వేరే అర్థంతో ఎదురుపడటమే. అందుకే ఈ గైడ్‌లో మాటల్ని అక్షరక్రమంలో కాకుండా, ఆటలో అవి ఏ వరుసలో వస్తాయో ఆ వరుసలో చెప్తున్నాను. ఆట పేరు టెక్సస్ హోల్డెమ్. పోకర్‌లో చాలా రకాలున్నాయి కానీ ఎవరైనా ఊరికే పోకర్ అన్నారంటే ఎక్కువసార్లు దీని గురించే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక పేక కట్ట తీసుకుని జోకర్లన్నీ బయట పెట్టేయండి, 52 ముక్కలే ఉండాలి. రమ్మీ అలవాటున్నవాళ్లు జోకర్‌తో సీక్వెన్స్ పూర్తి చేయొచ్చేమో అని అడుగుతారు, ఈ ఆటలో జోకర్ లేదు. చిప్స్ లేకపోతే చింతపిక్కలు చాలు, మనిషికి వంద.

డబ్బు పెట్టకండి. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. తెలంగాణలో 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను నిషేధించారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఆన్‌లైన్ మనీ గేమ్స్ మీద నిషేధం తెస్తూ చట్టం చేసింది. మాటలు నేర్చుకోవడానికి డబ్బు అవసరం కూడా లేదు. పిక్కలు అయిపోతున్నా మనిషికి టెన్షన్ వస్తుంది, ఆ టెన్షన్ చాలు.

అడుగు 1: ఏది దేన్ని కొడుతుంది

హ్యాండ్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, మీ ముక్కలతో తయారైన అయిదు ముక్కల కూర్పు, కింద దీన్నే చెయ్యి అని కూడా అంటాను. రెండోది, ముక్కలు పంచిన దగ్గర నుంచి పిక్కలు ఎవరికో ఒకరికి చేరేదాకా జరిగే ఒక ఆట మొత్తం. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

పై నుంచి కిందికి ఈ వరుస బట్టీ పట్టాల్సిందే, దీనికి దగ్గరి దారి లేదు: రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది), స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే గుర్తులో వరుసగా అయిదు), ఫోర్ ఆఫ్ ఎ కైండ్ లేదా క్వాడ్స్ (ఒకే అంకె నాలుగు), ఫుల్ హౌస్ (మూడు ఒక అంకె, రెండు ఇంకో అంకె), ఫ్లష్ (ఒకే గుర్తు అయిదు), స్ట్రెయిట్ (గుర్తు ఏదైనా వరుసగా అయిదు), త్రీ ఆఫ్ ఎ కైండ్, టూ పెయిర్, వన్ పెయిర్, చివరికి ఏదీ లేకపోతే హై కార్డ్, అంటే మీ దగ్గరున్న పెద్ద ముక్క.

ఇక నన్ను దెబ్బకొట్టిన విషయం. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ పెద్దది, పోకర్‌లో ఫ్లష్ పెద్దది. ఎందుకలా అంటే, ఏది అరుదుగా పడుతుందో అదే పెద్దది. మూడు ముక్కలతో 22,100 కూర్పులు వస్తాయి, అందులో మామూలు సీక్వెన్సులు 720, మామూలు కలర్లు 1,096, అంటే సీక్వెన్సే అరుదు. అయిదు ముక్కలకు వచ్చేసరికి మొత్తం 25,98,960 కూర్పులు, అందులో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. లెక్క తిరగబడింది. ఈ కారణం ఒకసారి బుర్రకెక్కితే వరుస మర్చిపోరు. రాయల్ ఫ్లష్‌లు ఇన్ని లక్షల్లో నాలుగే నాలుగు, గుర్తుకొకటి.

ఇంకో రెండు సంగతులు. స్ట్రెయిట్‌లో ఆసు పైనా ఉండొచ్చు, కిందా ఉండొచ్చు: పది నుంచి ఆసు వరకు ఒకటి, ఆసు నుంచి అయిదు వరకు ఇంకొకటి. కానీ రాణి, రాజు, ఆసు, రెండు, మూడు అని చుట్టు తిప్పితే చెల్లదు. అలాగే గుర్తుల్లో చిన్నా పెద్దా లేదు. ఇస్పేటు ఆసు, కళావరు ఆసు రెండూ సమానమే.

అడుగు 2: బటన్, బ్లైండ్లు

అయిదుగురు గుండ్రంగా కూర్చున్నారనుకోండి: వదిన, అన్నయ్య, బాబాయ్, చెల్లి, మీరు, ఇదే వరుసలో ఎడమవైపుగా. వదిన ముందు ఒక గుర్తు పెట్టండి, గాజుగుండీ అయినా సరే. దాన్నే డీలర్ బటన్ అంటారు. ఎవరు పంచినా, లెక్కకు ఈ హ్యాండ్‌లో డీలర్ వదినే. హ్యాండ్ అయ్యాక బటన్ ఎడమపక్కకు జరుగుతుంది.

బటన్‌కు ఎడమపక్కనున్న అన్నయ్య ముక్కలు పంచకముందే ఒక పిక్క పెట్టాలి, అది స్మాల్ బ్లైండ్. ఆ పక్కన బాబాయ్ రెండు పిక్కలు పెట్టాలి, అది బిగ్ బ్లైండ్. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడు ముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం, అలా ఆడేవాడికి సగమే కట్టే వెసులుబాటు కూడా ఉంటుంది. పోకర్‌లో అలాంటిదేం లేదు. ఇక్కడ బ్లైండ్ అంటే తప్పనిసరిగా కట్టాల్సిన పందెం, అంతే. కట్టాక అన్నయ్య, బాబాయ్ తమ ముక్కలు హాయిగా చూసుకోవచ్చు. ఈ రెండు పందేలు లేకపోతే అందరూ మంచి ముక్కల కోసం కూర్చుంటారు, ఆట కదలదు. మూడు ముక్కలాటలో అందరూ ముందుగా వేసే బూట్ లాంటిది కూడా పోకర్‌లో ఉంది, దాన్ని యాంటీ అంటారు, ఎక్కువగా టోర్నమెంట్లలో కనిపిస్తుంది.

మధ్యలో పోగయ్యే పిక్కల కుప్ప పేరు పాట్. మీ ముందున్న మీ పిక్కలు స్టాక్. స్టాక్‌ను పిక్కల్లో కాకుండా బిగ్ బ్లైండ్లలో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి: వంద పిక్కలుంటే ఇక్కడ 50 బిగ్ బ్లైండ్లు.

బిగ్ బ్లైండ్ పక్కన, మొట్టమొదట మాట చెప్పాల్సిన సీటును అండర్ ద గన్ అంటారు, ఈ బల్ల మీద అది చెల్లి. బటన్‌కు ముందు సీటు కటాఫ్, అది మీరు. సీటును పొజిషన్ అంటారు, ఎంత ఆలస్యంగా మాట్లాడే సీటయితే అంత మంచిది. నాకు ఈ సంగతి అర్థం కావడానికి నెలలు పట్టింది, అంతకాలం ముక్కలు మాత్రమే చూసుకునేవాణ్ణి.

అడుగు 3: మీ వంతు వచ్చినప్పుడు చెప్పే మాటలు

ఫోల్డ్ అంటే ముక్కలు పడేయడం, రమ్మీలో డ్రాప్, మూడు ముక్కలాటలో ప్యాక్. అప్పటిదాకా పెట్టినవి వెనక్కి రావు. పడేసిన ముక్కల కుప్ప మక్. చెక్ అంటే ఇప్పటికి ఏమీ పెట్టను, నా పక్కవాళ్లు చెప్పండి అనడం, మీ ముందు ఎవరూ పందెం పెట్టనప్పుడే ఇది కుదురుతుంది. బెట్ అంటే ఆ రౌండ్‌లో మొదటి పందెం. కాల్ అంటే అవతలివాళ్లు పెట్టినంతే పెట్టడం. రెయిజ్ అంటే పెంచడం. ఆల్ ఇన్ అంటే మీ ముందున్నవన్నీ తోసేయడం.

నో లిమిట్ ఆటలో మీ దగ్గరున్నదంతా ఎప్పుడైనా పెట్టొచ్చు, కానీ రెయిజ్‌కు కనీసం ఒక హద్దుంది: అంతకుముందు పెరిగినంతైనా పెంచాలి. బిగ్ బ్లైండ్ రెండు కాబట్టి మొదటి రెయిజ్ మొత్తం నాలుగుకు తగ్గకూడదు. మీరు ఆరు చేశారంటే నాలుగు పెంచినట్టు, మళ్లీ పెంచేవాళ్లు కనీసం పది చేయాలి. అలా రెయిజ్ మీద వచ్చే రెయిజ్‌ను త్రీ బెట్ అంటారు. మొదటి బెట్ బ్లైండే, రెండోది రెయిజ్, మూడోది ఇది. రెయిజ్ చేయకుండా బిగ్ బ్లైండ్‌కు సరిపడా రెండే పెట్టి లోపలికి రావడాన్ని లింప్ అంటారు. కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటిది, వీలైనంత త్వరగా మానుకోవాలని నా సలహా. ఆడదగ్గ ముక్కలైతే పెంచండి, కాకపోతే పడేయండి.

ఇక్కడే ఒక మర్యాద కూడా చెప్పుకోవాలి. ముందు కాల్‌కు సరిపడా పిక్కలు పెట్టి, ఎదుటివాళ్ల మొహం చూసి, ఆగండాగండి ఇంకో పది అంటే చెల్లదు. దాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. రెయిజ్ అనుకుంటే నోటితో ముందే రెయిజ్ అనండి, తర్వాత లెక్కపెట్టుకోండి.

అడుగు 4: ఒక హ్యాండ్ మొదటి నుంచి చివరిదాకా

ఇప్పుడు నిజంగా పంచుదాం. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు, మూసి. వీటిని హోల్ కార్డ్స్ లేదా పాకెట్ కార్డ్స్ అంటారు. ఒకే అంకె రెండూ వస్తే పాకెట్ పెయిర్. రెండు ఆసులు వచ్చే అవకాశం 221లో ఒకసారి, కాబట్టి వాటి కోసం కాచుకుని కూర్చుంటే సాయంత్రమంతా గడిచిపోవచ్చు.

మీకు ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ వచ్చాయి. ఒకే గుర్తు కాబట్టి వీటిని సూటెడ్ అంటారు, వేర్వేరు గుర్తులైతే ఆఫ్ సూట్. ఇప్పుడు జరిగే పందేల రౌండ్ పేరు ప్రీ ఫ్లాప్. చెల్లి ఫోల్డ్ చేసింది. మీరు రెయిజ్ అని ఆరు పెట్టారు. వదిన కాల్ చేసింది. అన్నయ్య తన ఒక్క పిక్కా వదులుకుని ఫోల్డ్ చేశాడు. బాబాయ్ ఇప్పటికే రెండు పెట్టాడు కాబట్టి ఇంకో నాలుగు కలిపి కాల్ చేశాడు. పాట్‌లో 19.

కట్ట మీది ముక్క ఒకటి చూడకుండా పక్కన పడేస్తారు, అది బర్న్ కార్డ్. పై ముక్కను ఎవరైనా పసిగట్టి ఉన్నా లాభం లేకుండా చేసే పద్ధతి అది. తర్వాత మూడు ముక్కలు మధ్యలో తెరిచి పరుస్తారు. ఇదే ఫ్లాప్. రాజు ఇస్పేటు, ఏడు ఇస్పేటు, నాలుగు డైమండు. మధ్యలో తెరిచిన ముక్కలన్నీ కమ్యూనిటీ కార్డ్స్, అందరికీ ఉమ్మడి ఆస్తి, ఎవరి రెండు ముక్కలతో వాళ్లు వీటిని కలిపి చూసుకుంటారు. ఆ పరిచిన వరుసను బోర్డ్ అంటారు.

ఫ్లాప్ నుంచి మాట్లాడే వరుస మారుతుంది. బటన్‌కు ఎడమపక్క నుంచి మొదలు, బటన్‌లో ఉన్నవాళ్లు చివర. అన్నయ్య లేడు కాబట్టి ముందు బాబాయ్. చెక్ అన్నాడు. మీ దగ్గర ఇప్పటికి జత కూడా లేదు, కానీ ఇస్పేట్లు నాలుగయ్యాయి, ఇంకొకటి పడితే ఫ్లష్. ఇలా పూర్తి కావడానికి ఎదురుచూసే చేతిని డ్రా అంటారు, మీది ఫ్లష్ డ్రా. అదే 5, 6, 7, 8 లాగా రెండు వైపులా తెరుచుకున్న వరుసయితే ఓపెన్ ఎండెడ్, మధ్యలో ఒకే ముక్క లోటయితే గట్ షాట్. మీరు తొమ్మిది పెట్టారు. ప్రీ ఫ్లాప్‌లో రెయిజ్ చేసినవాళ్లే ఫ్లాప్ మీద కూడా పందెం కొనసాగిస్తే కంటిన్యుయేషన్ బెట్, వాడుకలో సీ బెట్. చేతిలో ఇంకా ఏమీ లేకపోయినా ముందు ముందు గెలిచే దారి ఉంచుకుని పెట్టిన పందెం కాబట్టి ఇది సెమీ బ్లఫ్ కూడా. వదిన కాల్, బాబాయ్ ఫోల్డ్. పాట్ 37.

మళ్లీ ఒక ముక్క బర్న్, తర్వాత నాలుగో ముక్క. దీని పేరు టర్న్. ఆఠీను తొమ్మిది పడింది, మీకు పనికిరాలేదు. మీరు చెక్ అన్నారు. వదిన 15 పెట్టింది.

ఇక్కడ కాసేపు ఆగండి, పోకర్‌లో పనికొచ్చే లెక్కంతా ఈ ఒక్క నిర్ణయంలో ఉంది. మిమ్మల్ని గెలిపించగల మిగిలిన ముక్కల్ని అవుట్స్ అంటారు. ఇస్పేట్లు 13, మీకు కనిపిస్తున్నవి నాలుగు, కాబట్టి 9 అవుట్స్. వదిన దగ్గర రాజుల జత ఉందనుకుంటే, ఆసు పడినా మీదే పైచెయ్యి, ఆ మూడూ కలిపితే 12. మీరు చూడని ముక్కలు 46. 46లో 12 అంటే దాదాపు 26 శాతం. ఇప్పుడు అటువైపు చూడండి: పాట్‌లో 37, వదిన పెట్టిన 15, మొత్తం 52 ఉన్నాయి, మీరు 15 కడితే కుప్ప 67 అవుతుంది. 67లో 15 అంటే 22 శాతం చిల్లర. మీరు కట్టాల్సిన వాటా కంటే గెలిచే అవకాశం ఎక్కువగా ఉంది, కాబట్టి కాల్. ఈ పోలికనే పాట్ ఆడ్స్ అంటారు. ఆసులు పనికిరావనుకుని 9 అవుట్సే లెక్కపెడితే 20 శాతం లోపే వస్తుంది, కొంచెం తక్కువే. కానీ ఇస్పేటు పడితే వదిన నుంచి ఇంకొన్ని పిక్కలు రాబట్టొచ్చు కదా, ఆ రాబోయే రాబడిని కూడా కలుపుకునే లెక్క పేరు ఇంప్లయిడ్ ఆడ్స్.

బల్ల దగ్గర ఇంత లెక్క వేసే తీరిక ఉండదు కాబట్టి ఒక చిట్కా వాడతారు. ఇంకో ఒక్క ముక్కే మిగిలితే అవుట్స్‌ను రెండుతో గుణించండి, ఫ్లాప్ మీద ఉండి రెండు ముక్కలూ చూడబోతుంటే నాలుగుతో. తొమ్మిది అవుట్స్‌కు ఫ్లాప్ మీద 36 అని వస్తుంది, అసలు లెక్క 35. ఇంతకంటే కచ్చితంగా అవసరం లేదు.

కాల్ చేశారు. పాట్ 67. చివరి ముక్క, రివర్. ఇస్పేటు రెండు! మీకు ఆసుతో ఫ్లష్. బోర్డ్ మీద జత లేదు కాబట్టి ఫుల్ హౌస్ ఎవరికీ కుదరదు, ఈ ఇస్పేట్లతో స్ట్రెయిట్ ఫ్లష్ కూడా రాదు. అంటే ఈ బోర్డ్ మీద వీలయ్యే అన్నిటికంటే పెద్ద చెయ్యి మీదే. దాన్ని ద నట్స్ అంటారు. మీరు 40 పెట్టారు. తప్పక గెలుస్తామని తెలిసి, ఎదుటివాళ్లు కాల్ చేయాలని కోరుకుంటూ పెట్టే ఇలాంటి పందెం వాల్యూ బెట్. ఏమీ లేకుండా ఎదుటివాళ్లు పడేయాలని పెడితే అది బ్లఫ్. వదిన చాలాసేపు ఆలోచించి కాల్ చేసింది.

ఇప్పుడు షోడౌన్. చివరి రౌండ్‌లో పందెం పెట్టినవాళ్లు ముందు చూపించాలి, మీరే. వదిన కళావరు రాజు, కళావరు రాణి తెరిచింది, రాజుల జత. 147 పిక్కలు మీవి. బటన్ అన్నయ్య దగ్గరికి.

అడుగు 5: గొడవలు వచ్చే చోట్లు

హోల్డెమ్‌లో ఎప్పుడూ ఏడు ముక్కల్లోంచి అయిదే లెక్క. ఈ ఒక్క మాట మర్చిపోతేనే వాదనలు. జత సమానమైనప్పుడు పక్కన మిగిలే పెద్ద ముక్క తేలుస్తుంది, దాని పేరు కిక్కర్. బోర్డ్ మీద ఆసు, పది, ఎనిమిది, అయిదు, రెండు ఉండి, ఫ్లష్ ఎవరికీ లేదనుకోండి. మీ దగ్గర ఆసు, రాజు, ఇంకొకరి దగ్గర ఆసు, తొమ్మిది ఉంటే ఇద్దరికీ ఆసుల జతే, కానీ రాజు కిక్కర్‌తో మీరు గెలుస్తారు. అదే బోర్డ్ మీద ఆసు, రాణి, జాకీ, ఎనిమిది, నాలుగు ఉండి, మీ దగ్గర ఆసు, మూడు, వాళ్ల దగ్గర ఆసు, రెండు ఉంటే? మూడు పెద్దదే కదా అని లాక్కోకూడదు. ఇద్దరి అయిదు ముక్కలూ ఆసు, ఆసు, రాణి, జాకీ, ఎనిమిది. పాట్ చెరిసగం, దీన్ని స్ప్లిట్ పాట్ అంటారు.

ఇంకోటి సైడ్ పాట్. చెల్లి దగ్గర 30 మాత్రమే ఉండి ఆల్ ఇన్ అంది, మీరూ బాబాయ్ చెరో 80 పెట్టారు. ముగ్గురి నుంచి 30 చొప్పున 90 మెయిన్ పాట్. మీ ఇద్దరి మిగిలిన 50లు కలిపి 100 సైడ్ పాట్, దాంతో చెల్లికి సంబంధం లేదు. చెల్లి చెయ్యి అందరికంటే పెద్దదైతే 90 తీసుకుంటుంది, 100 మీ ఇద్దరిలో ఒకరిది. పిక్కలు రెండు కుప్పలుగా ముందే వేరు చేసి పెట్టండి, తర్వాత లెక్కకు కూర్చుంటే తేలదు.

అడుగు 6: మనుషుల గురించిన మాటలు

తక్కువ హ్యాండ్లు ఆడేవాళ్లు టైట్, దేనికైనా దిగేవాళ్లు లూజ్. ఎక్కువగా బెట్, రెయిజ్ చేసేవాళ్లు అగ్రెసివ్, చెక్, కాల్‌తో సరిపెట్టేవాళ్లు పాసివ్. ఏం పెట్టినా కాల్ చేసేవాళ్లను కాలింగ్ స్టేషన్ అంటారు, వాళ్ల మీద బ్లఫ్ చేయకండి, ఎంత గొప్ప బ్లఫ్ అయినా వృథానే. పెద్ద చెయ్యి ఉండి కూడా లేనట్టు చెక్ చేస్తూ ఎదుటివాళ్లను లోపలికి లాగడం స్లో ప్లే. చెయ్యి వణకడం, ఊపిరి మారడం లాంటి, ముక్కల గురించి చెప్పేసే గుర్తు టెల్.

చాలా ముందున్న మీరు చివరి ముక్కతో ఓడిపోతే బ్యాడ్ బీట్. ఇద్దరికీ పెద్ద చేతులే వచ్చి, ఎవరైనా ఓడిపోయేదే అన్నట్టుంటే కూలర్. ఆ దెబ్బకు మనసు చెదిరి, కసితో తర్వాతి నాలుగు హ్యాండ్లు అడ్డదిడ్డంగా ఆడటం టిల్ట్. ఈ మాటను నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను. పిక్కలతో ఆడుతున్నప్పుడే మీకు టిల్ట్ ఎలా వస్తుందో గమనించుకోండి. నాకైతే ముందు చెవులు వేడెక్కుతాయి, అప్పుడు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వస్తాను.

అడుగు 7: టీవీలో చూసేటప్పుడు

క్యాష్ గేమ్‌లో చిప్స్ విలువ నేరుగా డబ్బే, ఎప్పుడైనా లేచిపోవచ్చు, నడిపేవాళ్లు ప్రతి పాట్‌లో తీసుకునే కొంత కోతను రేక్ అంటారు. టోర్నమెంట్‌లో అందరూ ఒకే బై ఇన్ (ఆటలో చేరడానికి కట్టే సొమ్ము) కట్టి సమాన చిప్స్‌తో మొదలవుతారు, కొంతసేపటికోసారి బ్లైండ్లు పెరుగుతాయి, చిప్స్ అయిపోతే అవుట్. బహుమతి దక్కేవాళ్లకు సరిగ్గా ఒక మెట్టు ముందున్న దశ బబుల్. పెద్ద టోర్నమెంట్‌కు సీటు గెలుచుకునే చిన్న టోర్నమెంట్ శాటిలైట్.

1970లో లాస్ వెగాస్‌లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌ను చూస్తే ఈ మాటలన్నీ వినిపిస్తాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ శాటిలైట్‌లో సీటు గెలిచి, మెయిన్ ఈవెంట్ కొట్టి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు, ఆ తర్వాతే హోల్డెమ్ ఇంత ఇంటింటి ఆటయింది. ఓమహా అనే ఆట కూడా కనబడుతుంది. అందులో నాలుగు హోల్ కార్డ్స్ ఇస్తారు, కానీ వాటిలోంచి సరిగ్గా రెండు, బోర్డ్ నుంచి మూడు వాడి తీరాలి.

అడుగు 8: మొదటి సాయంత్రం

మొదటి పది హ్యాండ్లు అందరి ముక్కలూ తెరిచే పెట్టి ఆడండి. ప్రతి వంతుకూ నోటితో మాట చెప్పండి, చెక్ అని, కాల్ అని, రెయిజ్ పది అని. ఫ్లాప్ పడగానే ఇప్పుడు నట్స్ ఏమిటి అని ఒకరు అడగాలి, మిగతావాళ్లు బోర్డ్ చూసి చెప్పాలి. టర్న్ పడ్డాక మళ్లీ అదే ప్రశ్న, రివర్ పడ్డాక మళ్లీ. ఆ తర్వాత పది హ్యాండ్లు మామూలుగా మూసి ఆడి, అయ్యాక మాత్రం అందరూ తెరిచి ఎవరి దగ్గర ఎన్ని అవుట్స్ ఉండేవో లెక్కపెట్టండి. వరుస రాసిన కాగితం ఒకటి బల్ల మీదే ఉండనివ్వండి, అందులో ఫ్లష్ కింద స్ట్రెయిట్ అన్న చోట ఎర్ర గీత గీయండి.